మామ ప్రింటర్: బాగు చేయిద్దామా, మార్చేద్దామా?

2024 దసరా సెలవులకు జనగామ పోయినప్పుడు ఒక మధ్యాహ్నం మా మేనమామ ఫోటో స్టూడియోలో కూర్చున్నాను. ఒకామె వచ్చింది. వాళ్ళాయన చనిపోయి వారం అయిందట. ఫోన్‌లో ఎవరిదో పెళ్ళి గ్రూప్ ఫోటో చూపించి, "అన్నా, ఇండ్ల నుంచి ఆయన ఒక్కడే వచ్చేటట్టు పెద్దగ చేసియ్యరాదే. ఎల్లుండి దినాలు" అన్నది. మామ ముఖం వరకు కట్ చేసి, వెనక రంగు మార్చి, 20 బై 30 సైజులో ప్రింట్ కొట్టాడు. పేపర్ బయటికి వచ్చేసరికి ఆయన నుదుటి మీద సన్నగా ఒక అడ్డగీత, దాని కింద ఇంకోటి, అట్లా గడ్డం దాకా గీతలే. క్లీనింగ్ కొట్టి మళ్ళీ తీశాం. గీతలు తగ్గాయి కానీ మెజెంటా సరిగ్గా పడక ముఖం ఆకుపచ్చగా తిరిగింది. మూడో పేపర్ కూడా వేస్ట్. చివరికి మామ ఫైల్ పెన్ డ్రైవ్‌లో వేసుకుని హనుమకొండ పోయి ప్రింట్ తీయించుకొచ్చాడు. రాత్రి పదింటికి ఫ్రేమ్ కట్టి ఆమె ఇంట్లో ఇచ్చొచ్చాడు. పైసలు మాత్రం ముందు చెప్పినన్నే తీసుకున్నాడు.

తెల్లారి హైదరాబాద్‌లో ఉండే టెక్నీషియన్‌కి ఆ పాడైన ప్రింట్ వాట్సాప్‌లో పంపితే, "హెడ్ పోయినట్టుంది అన్నా. మారిస్తే 80 వేలు దాటుతది. పదకొండేండ్ల మెషిన్‌కి అంత ఎందుకు పెడతవ్, కొత్తది తీసేస్కో" అన్నాడు. మామ ఫోన్ పెట్టేసి నా దిక్కు చూశాడు.

"ఏం చేద్దాం అల్లుడా? నువ్వు కంప్యూటర్ సైన్స్ గదా."

"మామా, నేను చదివేది సాఫ్ట్‌వేర్."

"ఏదైతేంది. ఇది గూడ కంప్యూటర్‌కే గదా తగిలిచ్చేది."

ఆ రోజు నాకు ప్రింటర్ గురించి ఏమీ తెలీదు. తర్వాత రెండు నెలల వీకెండ్స్‌లో జనగామ, మానుకోట, భూపాలపల్లి తిరిగి, ముగ్గురు స్టూడియో వాళ్ళతో మాట్లాడి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. స్కూల్ మొత్తం ఇంగ్లీష్ మీడియం కాబట్టి తెలుగులో ఇంత పెద్దది రాయడం నాకు ఇదే ఫస్ట్ టైం, తప్పులుంటే సర్దుకోండి. మీ ఇంట్లో ప్రింటర్ లేకపోయినా పాత బండో, పాత లాప్‌టాపో ఉండే ఉంటుంది. ఈ లెక్క వాటికి కూడా పనికొస్తుంది.

లోపల ఏముంది?

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. చౌరస్తాలో కనిపించే లీడర్ల బర్త్‌డే బ్యానర్లు ఫ్లెక్సీ మెషిన్ మీద కొడతారు. అందులో సాల్వెంట్ ఇంకు, ప్లాస్టిక్ షీటు. రోడ్డు అవతల నుంచి చూసేది కాబట్టి చిన్న గీత పడ్డా ఎవరూ పట్టించుకోరు. మామ దగ్గర ఉన్నది లార్జ్ ఫార్మాట్ ఫోటో ప్రింటర్. 44 ఇంచుల వెడల్పు రోల్ పేపర్ పడుతుంది. ఇంకు నీళ్ళ బేస్‌తో ఉంటుంది, అందులో రంగు సన్నటి పొడిలా కలిసి ఉంటుంది. దాన్ని పిగ్మెంట్ ఇంకు అంటారు. ఇంట్లో గోడకి పెట్టుకుని మూరెడు దూరం నుంచి చూసే ఫోటో కాబట్టి ఒక్క గీత పడినా పనికిరాదు.

ఈ మెషిన్ ప్రాణం ప్రింట్ హెడ్‌లో ఉంటుంది. ఒక అంచనా కోసం, 2007లో వచ్చిన ఎప్సన్ స్టైలస్ ప్రో 9880 తీసుకోండి. 8 ఇంకులు, ఒక్కో దానికి 180 రంధ్రాలు, మొత్తం 1,440. వీటినే నాజిల్స్ అంటారు. అందులో పడే అతి చిన్న చుక్క 3.5 పికోలీటర్లు. పికోలీటర్ అంటే లీటర్‌లో లక్ష కోట్లో వంతు. ఆ లెక్కన ఒక్క మిల్లీలీటర్ ఇంకులో 28 కోట్లకు పైగా చుక్కలు వస్తాయి. 2016లో వచ్చిన కానన్ ఇమేజ్‌ప్రోగ్రాఫ్ ప్రో 4000లో 12 ఇంకులు, రంగుకి 1,536 చొప్పున 18,432 నాజిల్స్. ఇంత సన్నటి రంధ్రాల్లో ఇంకు ఎండిపోతే ఏమవుతుందో మీరే ఊహించుకోవచ్చు.

చుక్కని బయటికి తోయడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి థర్మల్. రంధ్రం వెనక చిన్న హీటర్ ఒక్క క్షణం వేడెక్కి, ఇంకులో బుడగ పుట్టి, ఆ బుడగ చుక్కని తోస్తుంది. 1977లో కానన్ ల్యాబ్‌లో ఇంకు నింపిన సిరంజి సూదికి వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున తగిలి ఇంకు చిమ్మిందట. ఆ ఐడియా అక్కడ పుట్టింది. రెండోది పియెజో. కరెంట్ ఇస్తే కొంచెం వంగే పదార్థం ఒకటి ఉంటుంది, అది వంగి ఇంకుని నొక్కుతుంది. ఎప్సన్ ఈ దారిలో వెళ్తోంది.

రిపేర్ లెక్కకి ఈ తేడా చాలా ముఖ్యం. థర్మల్ హెడ్ వేడికి అరిగిపోతుంది. అందుకే దాన్ని వాడే కానన్, హెచ్‌పీ పెద్ద ప్రింటర్లలో హెడ్‌ని మనమే తీసి కొత్తది పెట్టుకునేలా చేస్తారు. హెచ్‌పీ డిజైన్‌జెట్ జెడ్ 3200లో అయితే 12 ఇంకులకి 6 హెడ్లు, ఒక్కోదానికి రెండు రంగులు. ఒకటి పోతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు. పియెజో హెడ్ చాలా ఏళ్ళు వస్తుంది. కానీ పోయిందంటే పెద్ద ఖర్చు, దాన్ని టెక్నీషియన్ వచ్చి బిగించి, సాఫ్ట్‌వేర్‌తో అలైన్ చేయాలి. మామకి ఇట్లా చెప్పాను: థర్మల్ హెడ్ బండికి టైరు లాంటిది, పియెజో హెడ్ ఇంజిన్ లాంటిది. మామది ఇంజిన్ రకం.

మూఢం వస్తే ప్రింటర్‌కి జబ్బు

మామ మెషిన్ పదకొండేళ్ళు బాగానే నడిచింది. మరి ఆ సంవత్సరమే ఎందుకు మొరాయించింది? క్యాలెండర్ చూస్తే అర్థమైంది. 2024లో ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మొదలు దాకా శుక్ర మూఢమి, దాని వెనకే ఆషాఢం. మూడు నెలలకు పైగా పెళ్ళి ముహూర్తాలు లేవు. మే 13న పార్లమెంట్ ఎలక్షన్లు ఉన్నాయి కానీ అవి ఫ్లెక్సీ వాళ్ళకి గిరాకీ, మామకి కాదు. మెషిన్ వారాల తరబడి ఊరికే నిలబడింది.

ప్రింట్ లేనప్పుడు హెడ్ వచ్చి ఒక మూలన రబ్బరు మూతల మీద కూర్చుంటుంది. దాన్ని క్యాప్ అంటారు. మూత టైట్‌గా ఉంటే నాజిల్స్ తడిగా ఉంటాయి. రబ్బరు ముసలిదై అంచు మీద ఎండిన ఇంకు పేరుకుంటే గాలి దూరుతుంది, ఇంకులో నీళ్ళు ఎగిరిపోతాయి, మిగిలిన పిగ్మెంట్ రంధ్రంలో గట్టిపడుతుంది. పైనుంచి ఎండాకాలం. ఇలాంటి మెషిన్లను మామూలుగా 35 డిగ్రీల లోపు గదిలో పెట్టమని మాన్యువల్‌లో రాస్తారు. జనగామలో మే నెలలో షట్టర్ వేసిన కొట్టులో 35 అంటే నవ్వుతారు. ఇంకో ప్రమాదం కరెంట్. ప్రింట్ మధ్యలో కరెంట్ పోతే హెడ్ ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది, మూత మీదికి రాదు. ఒక రాత్రంతా అట్లా ఉంటే మరుసటి రోజు పని అయిపోయినట్టే. యూపీఎస్ లేకుండా ఈ మెషిన్ నడపకూడదు.

అంటే, చాలాసార్లు ఇలాంటి ప్రింటర్‌ని చంపేది వయసు కాదు, ఖాళీగా ఉండటం. ఈ ఒక్క విషయం అర్థమయ్యాక "పదకొండేండ్ల మెషిన్ కాబట్టి పారేయ్" అనే మాట మీద నాకు అనుమానం వచ్చింది.

ఏది చెడిందో తెలిసేదాకా పైసలు తీయొద్దు

హెడ్ ఒక్కటే పెద్ద ఖర్చు. దాని చుట్టూ ఉండేవన్నీ అరిగే పార్టులే, ధర దాంతో పోలిస్తే చాలా తక్కువ. క్యాప్, హెడ్‌ని తుడిచే వైపర్, ఇంకు లాగే పంపు, హెడ్‌కి ముందు ఇంకుని నిలకడగా పంపే డ్యాంపర్లు, హెడ్ ఎక్కడుందో మెషిన్‌కి చెప్పే ఎన్‌కోడర్ స్ట్రిప్ అనే పారదర్శక పట్టీ, వేస్ట్ ఇంకు పట్టే ట్యాంకు. వీటిలో ఏది పోయినా చూసేవాళ్ళకి "ప్రింట్ గీతలొస్తున్నాయి" అనే కనిపిస్తుంది. కోడ్‌లో ఎర్రర్ ఒక లైన్‌లో కనిపిస్తే బగ్ ఇంకెక్కడో ఉన్నట్టు.

అందుకే డీబగ్ చేసినట్టే చేశాం. ఒకసారికి ఒక్కటే మార్చాలి, ప్రతిదీ రాసుకోవాలి. నాజిల్ చెక్ అని ఒక టెస్ట్ ప్రింట్ ఉంటుంది. ఒక్కో నాజిల్ ఒక్కో చిన్న గీత గీస్తుంది, మూసుకుపోయిన చోట ఖాళీ కనిపిస్తుంది. ఐదు రోజులు పొద్దున ఒకటి, క్లీనింగ్ తర్వాత ఒకటి, గంట ఆగి ఒకటి తీసి, డేట్ వేసి పక్కపక్కన పెట్టాం. వాటిని చదివే పద్ధతి ఇది.

ఖాళీలు ప్రతిసారి సరిగ్గా అదే చోట ఉంటే, ఎన్నిసార్లు క్లీన్ చేసినా కదలకపోతే, ఆ నాజిల్స్ గట్టిగా మూసుకుపోయాయి లేదా చచ్చిపోయాయి. అప్పుడు హెడ్ మీద అనుమానం.

ఖాళీలు చోటు మారుతూ ఉంటే ఇంకు సరిగ్గా అందట్లేదు, లైన్‌లో గాలి ఉంది. డ్యాంపర్, పాత కార్ట్రిడ్జ్ చూడాలి.

క్లీన్ చేయగానే ఫుల్‌గా వచ్చి, కాసేపటికో పొద్దుటికో మళ్ళీ పోతే క్యాప్ గాలి పీలుస్తోంది.

నాజిల్ చెక్ ఒక్క ఖాళీ లేకుండా వచ్చినా ఫోటోలో గీతలుంటే హెడ్ జోలికే పోవద్దు. పేపర్ ఫీడ్ సెట్టింగ్, అలైన్‌మెంట్, ఎన్‌కోడర్ స్ట్రిప్ మీద దుమ్ము చూడాలి.

గీతలు లేవు, రంగు మాత్రమే తేడా అంటే పేపర్ ప్రొఫైల్ తప్పయి ఉండొచ్చు. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటి ఉంది. గీత కనిపించగానే క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టడం. అందులోనూ పవర్ క్లీనింగ్ ఇంకుని గ్లాసులో నీళ్ళలా తాగేస్తుంది, వేస్ట్ ట్యాంకు నిండుతుంది, మూత సరిగ్గా లేకపోతే ఎన్నిసార్లు కొట్టినా లాభం ఉండదు. రెండు మూడుసార్లకి రాకపోతే ఆపేసి, మూత అంచులు శుభ్రం చేసి, రాత్రంతా వదిలేస్తే ఒక్కోసారి పొద్దున్నే తెరుచుకుంటాయి.

మామ మెషిన్‌లో ఖాళీలు మెజెంటా, లైట్ సయాన్‌లో వచ్చాయి, కానీ రోజుకో చోట. క్లీన్ చేస్తే మొత్తం నిండి, గంటలో మళ్ళీ పోయేవి. అంటే హెడ్ బతికే ఉంది. ఐదు రోజుల కాగితాలు ఫోటో తీసి టెక్నీషియన్‌కి పంపితే ఆయన కూడా, "ఇది ముందే పంపాల్సింది తమ్ముడూ. క్యాప్, డ్యాంపర్లు చూద్దాం" అన్నాడు. 80 వేల మాట ఒక్క ఫోటో చూసి చెప్పింది. రెండో మాట పదిహేను కాగితాలు చూసి చెప్పింది.

టెంట్‌హౌస్ కుర్చీల లెక్క

సరే, ఈసారి తక్కువలో పోయింది. మళ్ళీ మూడు నెలలకి ఇంకోటి పోతే? అప్పుడు ఇంకోటి? మామ భయం అదే. "ఇరవై ఇరవై వేలు పెట్టుకుంట పోతే కొత్త మెషిన్ పైసలు అయితయి, చేతిల మాత్రం పాతదే ఉంటది."

మా సబ్జెక్ట్‌లో దీనికి స్కీ రెంటల్ ప్రాబ్లమ్ అని పేరు. మనకి మంచు లేదు కాబట్టి టెంట్‌హౌస్ కుర్చీలతో చెప్తాను. ఫంక్షన్‌కి కిరాయి 500, కొంటే 5,000. ఇంట్లో ముందు ముందు ఎన్ని ఫంక్షన్లు వస్తాయో తెలీదు. రూల్ ఏమిటంటే, కట్టిన కిరాయి మొత్తం 5,000 అయ్యేదాకా కిరాయికే తెచ్చుకో, ఆ తర్వాత కొనేయ్. ఎనిమిది ఫంక్షన్లతో ఆగిపోతే 4,000తో బయటపడ్డావు, అదే బెస్ట్. పదకొండోది వచ్చి కొన్నావంటే మొత్తం 10,000 అయింది, ముందే తెలిసుంటే 5,000తో పోయేది. అంటే భవిష్యత్తు తెలీకపోయినా, తెలిసినవాడి కంటే రెట్టింపుకి మించి నష్టపోవు. ఇది ప్రూవ్ చేసిన విషయం.

దీన్ని మామకి అట్లాగే అప్పజెప్తే తప్పవుతుంది. కుర్చీలు కొన్నాక ఖర్చు లేదు, ప్రింటర్ కొన్నాక ఉంటుంది. కొత్తది కూడా ఒకరోజు పాతదవుతుంది. అందుకని సంవత్సరం లెక్కకి మార్చాను. ఈ అంకెలు ఉదాహరణకి మాత్రమే, మీ కొటేషన్ వేసి చూసుకోండి. కొత్త మెషిన్ 3 లక్షలు, ఎనిమిదేళ్ళు వస్తుంది అనుకుందాం. అంటే ఏడాదికి 37,500. పాత మెషిన్ మీద ఏడాది ఖర్చు ఆ గీత దాటనంత కాలం రిపేరే లాభం. దాటితే మార్చాలి. గీతని ముందే గీసుకోవాలి. రిపేర్ జరుగుతున్నప్పుడు గీస్తే మనసు ఒప్పుకోదు, "ఇంత పెట్టినం, ఇంకొంచెం పెడదాం" అంటుంది.

ఈ ఖర్చులో రిపేర్ బిల్లు ఒక్కటే రాస్తే సరిపోదు. క్లీనింగ్‌కి పోయిన ఇంకు, పాడైన పేపర్, హనుమకొండ రాకపోకలు, వెనక్కి పోయిన గిరాకీ అన్నీ రాయాలి. ఆ రాత్రి మామకి ప్రింట్ మీద మిగిలింది సున్నా కంటే తక్కువే. అది ఏ బిల్లులోనూ కనిపించదు.

ఒకే జబ్బు, మూడు ఊళ్ళు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబర్ 11 దాకా పాత వరంగల్ జిల్లాలోనే ఉన్నాయి. మూడు చోట్లకీ మాకు తెలిసిన టెక్నీషియన్లు హైదరాబాద్ నుంచే రావాలి. నేను చూసిన మూడు మెషిన్లూ దాదాపు ఒకే వయసువి. జవాబులు మాత్రం మూడు రకాలుగా వచ్చాయి.

మానుకోటలో మామ దోస్తు స్టూడియో రోజూ నడుస్తుంది. పెళ్ళిళ్ళు, స్కూళ్ళ గ్రూప్ ఫోటోలు, మిర్చి పైసలు చేతికొచ్చే నెలల్లో ఫంక్షన్ల మీద ఫంక్షన్లు. ఆయనది మామ మోడలే. ఒకసారి హెడ్ మార్చాడు, రెండేళ్ళకి మళ్ళీ అదే పోయింది. నాజిల్ చెక్‌లో ఒక రంగు పూర్తిగా మాయం, ఎన్ని రోజులు చూసినా అదే చోట. పైగా మెయిన్ బోర్డు మీద కూడా అనుమానం. హెడ్‌లో షార్ట్ అయితే బోర్డు కాలొచ్చు, కాలిన బోర్డు మీద కొత్త హెడ్ పెడితే అది కూడా పోవచ్చు. కొత్త పార్టు దొరకడం కష్టమని చెప్పారు. ఒక్క రోజు ఆగితే ఆయన గిరాకీ పక్క షాపుకి పోతుంది. ఆయన రిపేర్ ఆపేసి కొత్తది కొన్నాడు. సరైన పని.

భూపాలపల్లిలో మా క్లాస్‌మేట్ వాళ్ళన్న స్టూడియో ఉంది. సింగరేణి గనులు, చెల్పూరులో కాకతీయ థర్మల్ ప్లాంట్ ఉన్న ప్రాంతం. పెద్ద ప్రింట్లు ఎక్కువగా రిటైర్మెంట్ సన్మానాలకే, నెలకి ఎనిమిదో పదో. మిగతా రోజులు మెషిన్ ఖాళీ. ఎన్‌కోడర్ స్ట్రిప్ తడి బట్టతో తుడిస్తే బట్ట నల్లగా అయింది. ప్రింటర్ లాగ్ తీసి లెక్కేస్తే, ఆ నెల ఫోటోలకి పోయిన ఇంకు కంటే క్లీనింగ్‌కి పోయిందే ఎక్కువ. హైదరాబాద్ నుంచి 200 కిలోమీటర్లు దాటి టెక్నీషియన్ రావాలంటే పార్టు కంటే ప్రయాణం ఖర్చే ఎక్కువ. ఈయనకి రిపేరూ దండగే, కొత్తదీ దండగే. కొత్తది కొన్నా నెలకి పది ప్రింట్లతో అది కూడా ఎండిపోతుంది. ఆయన మెషిన్ ఆపేసి, పొద్దున ఫైల్ హనుమకొండ ల్యాబ్‌కి పంపి సాయంత్రం ఆర్టీసీ కార్గోలో ప్రింట్ తెప్పించుకుంటున్నాడు. రిపేరా, కొత్తదా అని అడిగేటప్పుడు ఈ మూడో దారిని మనం మర్చిపోతాం.

జనగామలో మామకి నెలకి యాభై అరవై ప్రింట్లు. హెడ్ బాగుంది. హైదరాబాద్ దాదాపు 85 కిలోమీటర్లు, టెక్నీషియన్ పొద్దున రైలెక్కితే సాయంత్రం తిరిగి పోవచ్చు. ఈయనకి రిపేర్.

కాబట్టి ప్రింటర్ వయసు అడగడం కంటే మూడు ప్రశ్నలు అడగాలి. చెడింది హెడ్డా, చుట్టూ ఉన్నదా? నెలకి ఎన్ని ప్రింట్లు? ఒక్క రోజు ఆగితే ఎంత పోతుంది, బాగు చేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడు?

కొనాల్సి వస్తే, తీసేయాల్సి వస్తే

మానుకోట అంకుల్ కొనేటప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. చూడాల్సినవి కొన్ని. హెడ్ మనమే మార్చుకోవచ్చా? గ్లాసీ పేపర్‌కి ఫోటో బ్లాక్, మ్యాట్ పేపర్‌కి మ్యాట్ బ్లాక్ అని రెండు నలుపులు ఉంటాయి. పాత వాటిలో కొన్నిటికి ఒకటి తీసి ఒకటి పెట్టాలి, ప్రతిసారి ఇంకు వేస్ట్. కొత్తవాటిలో రెండింటికీ వేరే నాజిల్స్ ఉన్నవి దొరుకుతున్నాయి. మెషిన్ ధర ఒక్కటే కాకుండా ఇంకు మిల్లీలీటర్‌కి ఎంత పడుతుందో అడగాలి. మొదటిసారి పైపులు నిండడానికే చాలా ఇంకు పోతుంది కాబట్టి డబ్బాలో వచ్చిన కార్ట్రిడ్జ్‌లతో నెల గడుస్తుంది అనుకోవద్దు. సెకండ్ హ్యాండ్ అయితే మన కళ్ళ ముందు నాజిల్ చెక్ తీయించాలి, నెలల తరబడి ఆపి పెట్టిన మెషిన్ చవకగా వచ్చినా వద్దు. మీ కంప్యూటర్ విండోస్ వెర్షన్‌కి డ్రైవర్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఇది మాత్రం మన బ్రాంచ్ పని.

రిపేర్ అయితే పార్టు ధర, కూలీ, ప్రయాణం వేర్వేరుగా రాయించుకోవాలి. హెడ్ మార్చాక కూడా గీతలు పోకపోతే ఎవరిది బాధ్యత అని పైసలు ఇచ్చే ముందే అడగాలి. పార్టులు, మాన్యువల్స్ కొన్నవాళ్ళకి దొరకాలని 2022 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. ఇలాంటి చిన్న షాపుల మెషిన్ల దాకా అది గట్టిగా వస్తే మామ లాంటివాళ్ళకి మేలు.

పాతదాన్ని తుక్కువాడికి వేసేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ రూల్స్‌లో ప్రింటర్లు, వాటి కార్ట్రిడ్జ్‌లు కూడా ఉన్నాయి, రిజిస్టర్డ్ రీసైక్లర్‌కి ఇవ్వడం మంచిది. దానికంటే ముందు అదే మోడల్ వాడేవాళ్ళు దగ్గర్లో ఉన్నారేమో చూడండి. మానుకోట అంకుల్ పాత మెషిన్ ఇప్పుడు మామ స్టూడియో వెనక గదిలో ఉంది. వంద కిలోల పైమాటే, హెడ్ లాక్ చేసి ఇంకు కారకుండా చూసుకుని ఆటో ట్రాలీలో తెచ్చాం. దాని బెల్టు, మోటార్లు, ఎన్‌కోడర్ స్ట్రిప్ ఇంకా పనికొస్తాయి.

పాత ప్రింటర్లలో ఒక అదృష్టవంతురాలు కూడా ఉంది. 1991లో గ్రాహం నాష్ అనే రాక్ సింగర్ కాలిఫోర్నియాలో నాష్ ఎడిషన్స్ అనే స్టూడియో పెట్టి, ఐరిస్ 3047 అనే భారీ ఇంక్‌జెట్ మీద ఫోటోలను ఆర్ట్ ప్రింట్లుగా తీయడం మొదలుపెట్టాడు. ఆ మెషిన్ ఇప్పుడు అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మామకి చెప్తే, "మరి మనదాన్ని పెట్టేటోళ్ళు ఎవ్వలన్న ఉన్నరా, అడుగు" అన్నాడు.

ఇప్పుడు

టెక్నీషియన్ కార్తీక మాసం పెళ్ళిళ్ళకి ముందు వచ్చి క్యాప్, వైపర్, డ్యాంపర్లు మార్చాడు. ప్రయాణంతో కలిపి 16,500 అయింది. నాజిల్ చెక్ ఒక్క ఖాళీ లేకుండా వచ్చింది. మెషిన్ పక్కన గోడకి ఒక నోట్‌బుక్ వేలాడదీశాం. మొదటి పేజీ మీద "37,500" అని మామ ఎర్ర పెన్నుతో రాశాడు. మొదటి లైన్ 16,500. పాడైన మూడు పేపర్లు, ఆ రోజు హనుమకొండ పోయి వచ్చిన ఖర్చు కూడా రాయించాను. అది రాయడానికి ఆయనకి ఇష్టం లేదు, "గది లెక్కల రాసేది గాదు అల్లుడా" అన్నాడు. అయినా రాశాడు. ఈ సంవత్సరం ఆ ఎర్ర అంకె దాటితే కొత్తది కొనాలని ఇద్దరం ఒప్పుకున్నాం.

ముహూర్తాలు లేని రోజుల్లో మెషిన్ ఖాళీగా ఉండకుండా మామ ఒక అలవాటు చేసుకున్నాడు. షట్టర్ తీయగానే నాజిల్ చెక్, తర్వాత అన్ని రంగులూ పడేటట్టు ఒక చిన్న ఫోటో. దానికోసం పాత హార్డ్ డిస్క్‌లో ఉన్న ఊరివాళ్ళ ఫోటోలు తీస్తున్నాడు. పాత బతుకమ్మ గ్రూపులు, ఎవరిదో అక్షరాభ్యాసం, ఇప్పుడు లేని ముసలమ్మలు. ప్రింట్ అయినవి కౌంటర్ మీద పెడతాడు, ఎవరిది వాళ్ళు గుర్తుపట్టి తీసుకుపోతారు. మొన్న ఫోన్ చేసినప్పుడు చెప్పాడు, ఆ రోజు వచ్చిన ఆమె మళ్ళీ వచ్చి, వాళ్ళాయన ఉన్న పాత ఫోటో ఇంకేదన్నా ఉందా అని అడిగిందట. వెతుకుతున్నాడు.